డుమస్ దారిలో పట్టేసిన ఇంజన్
సూరత్ తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

సూరత్ నగరంలోని తెలుగు సంఘాల, పద్మశాలి సమాజాల పెద్దలకు,

నేను లింబాయత్‌లో ఉంటాను. సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ సాంచాల (మరమగ్గాల) మీద పనిచేయబట్టి ముప్పై ఏళ్లు కావస్తోంది. మీలో చాలామందితో నాకు ముఖపరిచయం ఉంది. మార్కండేయ మహాముని ఊరేగింపులోనో, బతుకమ్మ ఆడేచోటనో ఎప్పుడో ఒకప్పుడు నమస్కారం పెట్టుకున్నవాళ్లమే. చందాల గురించో, సంఘం ఎన్నికల గురించో రాస్తున్న ఉత్తరం కాదిది. మన పిల్లల మోటార్‌సైకిళ్లలో ఉండే ఇంజన్ ఆయిల్ గురించి రాస్తున్నాను. ఇంత చిన్న సంగతికి పెద్దలకు బహిరంగ లేఖ ఎందుకని అనుకోకుండా చివరిదాకా చదవమని కోరుతున్నాను.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం నా మేనల్లుడు రాత్రి షిఫ్టు దిగి, రెండు గంటలు కునుకు తీసి, దోస్తును వెనక ఎక్కించుకుని డుమస్ సముద్రతీరానికి బయలుదేరాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న వంద సీసీ బండి. అఠ్వా గేట్, పిప్లోద్, మగ్దల్లా దాకా బాగానే పోయింది. విమానాశ్రయం దగ్గర రోడ్డు వెడల్పుగా, ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ కొంచెం వేగం పెంచాడట. ముందు ఇంజన్ బరువెక్కినట్టు అనిపించింది. ఏమైందో ఆలోచించేలోపే పట్టేసింది. వెనక చక్రం తిరగడం ఆగిపోయి, బండి అడ్డంగా జారింది. ఇద్దరూ పడ్డారు. హెల్మెట్లు ఉండబట్టి తలలు దక్కాయి. వెనక వస్తున్న లారీ సమయానికి ఆగింది. మావాడి మణికట్టు విరిగి ఆరు వారాలు పనికి పోలేదు.

మెకానిక్ కింద ఉన్న నట్టు విప్పితే ఒక చాయ్ గ్లాసుడు నూనె కారింది. లీటరుకు కాస్త తక్కువగా ఉండాల్సిన చోట ఉన్నది అంతే. పిస్టన్, రింగులు, సిలిండర్ అన్నీ పోయాయి. "ఆయిల్ ఎప్పుడు చూసినవురా?" అని అడిగితే "మార్పించిన గద మామా" అన్నాడు. మార్పించి ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లో ఒక్కసారి కూడా మూత తీసి చూడలేదు. చూడాలన్న సంగతే వాడికి తెలియదు. తెలిసిన నేను వాడికి చెప్పలేదు. ఆ బాధతోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

సాంచా విషయంలో మనం ఇలా ఉంటామా? పనిలో చేరిన మొదటి వారంలోనే మనకు నూనె డబ్బా చేతికిచ్చారు. ఎక్కడెక్కడ చుక్క పడాలో, ఎంత పడాలో చూపించారు. తక్కువైతే బేరింగు వేడెక్కి కీచుమంటుంది. ఎక్కువైతే చిమ్మి బట్ట మీద మరకపడుతుంది, ఆ మరకకు సేఠ్ కూలీలో కోత పెడతాడు. అందుకే తక్కువా కాకుండా, ఎక్కువా కాకుండా పోయడం మన చేతులకు అలవాటైంది. మన తాతలు కూడా ఎడ్లబండి కట్టే ముందు ఇరుసుకు కందెన పెట్టేవాళ్లు. సాంచా మనది కాదు, సేఠ్‌ది. దాని నూనె రోజూ చూస్తాం. బండి మనది, కిస్తీలు మనవి, దాని మీద కూర్చునేది మన పిల్లలు. దాని నూనె ఎవరూ చూడరు.

దీనికి ఒక కారణం ఉందని నా అభిప్రాయం. పాత రోజుల్లో మన ఊళ్లలో తిరిగిన రాజ్‌దూత్, యమహా ఆర్ఎక్స్ 100, బజాజ్ స్కూటర్ల వంటివి చాలావరకు టూ స్ట్రోక్ బండ్లు. వాటి ఇంజన్‌కు కావలసిన నూనె పెట్రోలుతోపాటే లోపలికి పోయి దానితోనే కాలిపోయేది. చాలా బండ్లకు పెట్రోలు బంకులో కుర్రాడు కొలిచి కలిపేవాడు. గేర్‌బాక్స్‌లో వేరే నూనె ఉండేది కానీ దాని జోలికి ఎవరూ అంతగా పోయేవాళ్లు కాదు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఫోర్ స్ట్రోక్ బండి, మైలేజీ ఎక్కువ. పెట్రోలు నింపి, మూత బిగించి, ఇక మరిచిపొమ్మని దాని ప్రకటన దేశమంతా మారుమోగింది. అది పెట్రోలు గురించి చెప్పిన మాట. మన జనం దాన్ని ఇంజన్ ఆయిల్‌కు కూడా వర్తింపజేసుకున్నారు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పనిచేసే తీరే వేరు. అందులో నూనె అడుగున నిలవ ఉంటుంది. చిన్న పంపు దాన్ని పైకి తోడి క్యామ్ మీద, రాకర్ల మీద, క్రాంక్ బేరింగుల మీద పోస్తూ ఉంటుంది. పోసింది మళ్లీ కిందికి దిగుతుంది. అదే నూనె క్లచ్ ప్లేట్లనూ, గేర్లనూ తడపాలి. కారుకైతే గేర్‌బాక్స్‌కు వేరే నూనె, చల్లబరచడానికి రేడియేటర్ ఉంటాయి. గాలితో చల్లబడే మన వంద సీసీ బండిలో వేడిని మోసుకెళ్లే పని కూడా కొంతవరకు ఆ కొద్దిపాటి నూనెదే.

అందుకే మట్టం తగ్గడం అంత ప్రమాదం. ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా పట్టే ఇంజన్‌లో పావు లీటరు తగ్గిందంటే ఏ నాలుగో వంతో, మూడో వంతో పోయినట్టే. మిగిలింది ఎక్కువసార్లు తిరగాలి, ఎక్కువ వేడిని మోయాలి, తొందరగా పలచబడాలి. బాగున్న ఇంజన్ కూడా కొద్దికొద్దిగా నూనె తాగుతుంది. రింగులు అరిగితే, వాల్వుల దగ్గర ఉండే ఆయిల్ సీళ్లు గట్టిపడితే ఇంకా ఎక్కువ తాగుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోంచి నీలిపొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతే సీళ్ల మీద అనుమానం. యాక్సిలరేటర్ తిప్పిన ప్రతిసారీ వస్తుంటే రింగుల మీద అనుమానం. పొగ కనబడకుండానే తగ్గే బండ్లూ ఉన్నాయి. మనవాళ్లు నడిపే మామూలు బండ్లలో చాలావాటికి ఆయిల్ తగ్గిందని చెప్పే దీపం లేదు. పెట్రోలు ముల్లు ఉంటుంది కాబట్టి పెట్రోలు చూస్తాం. ఆయిల్‌కు ముల్లు లేదు కాబట్టి మనమే వంగి చూడాలి.

మెకానిక్ ఉన్నాడు కదా అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. మెకానిక్ బండిని నాలుగు నెలలకోసారి చూస్తాడు. ఆ నాలుగు నెలలు బండి ఎవరి దగ్గర ఉంటుంది? ఆరు వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని చెప్పే కంపెనీ పుస్తకంలో కూడా మధ్యలో మూడు వేల దగ్గర మట్టం చూసి పోసుకోమని రాసి ఉంటుంది. మార్చడం వేరు, చూసుకుంటూ ఉండడం వేరు. మార్చేది మెకానిక్ పని, చూసుకునేది బండి నడిపేవాడి పని.

ఇక డుమస్ సంగతి. ఆదివారం వస్తే లింబాయత్, ఉధనా, డిండోలీ, పర్వత్ పాటియా నుంచి మన పిల్లలు గుంపులుగా అక్కడికే పోతారు. సుమారు ఇరవై కిలోమీటర్ల దారి. దరియా గణేశ్ గుడికి దండం పెట్టుకుని, టమాటా భజియా తిని, సముద్రం చూసి పొద్దుగూకాక తిరిగొస్తారు. ఆయిల్ చూడడానికి అంతకంటే మంచి చోటు, మంచి వేళ నాకు తోచడం లేదు. అక్కడికి చేరేసరికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది, నూనె అన్ని మూలలకూ పాకి ఉంటుంది. అక్కడ ఎలాగూ కాసేపు ఆగుతాం. భజియా పొట్లం చేతికి వచ్చేలోపు నూనె కిందికి దిగి నిలకడపడుతుంది.

ఇసుక మీద మాత్రం వద్దు. గట్టి నేల మీద, సమతలంగా ఉన్న చోట బండిని డబుల్ స్టాండ్ వేయాలి. సైడ్ స్టాండ్ మీద ఉంటే బండి ఎడమకు ఒరుగుతుంది, నూనె ఒక పక్కకు చేరుతుంది, కొలత తప్పుతుంది. మా మేనల్లుడి దోస్తుల్లో ఒకడు నేను చెప్పాక చూశాడు, సైడ్ స్టాండ్ మీదే చూశాడు. అసలు నూనే లేదని కంగారుపడి అర లీటరు తెచ్చి పోశాడు. మట్టం పైగీత దాటిపోయింది, మళ్లీ తీయించాల్సి వచ్చింది. డబుల్ స్టాండ్ లేని బండి అయితే ఒకరు నిటారుగా పట్టుకోవాలి, ఇంకొకరు చూడాలి.

ఇంజన్ ఆపి మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. చాలా బండ్లకు కుడిపక్కన, కిక్ రాడ్డుకు దగ్గరలో నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది. దానికే లోపల మట్టం చూసే పుల్ల అంటుకుని ఉంటుంది. విప్పే ముందు మూత చుట్టూ దుమ్ము తుడవాలి. డుమస్ గాలిలో ఇసుక ఎగురుతుంది, ఆ ఇసుక లోపల పడితే మంచి చేయబోయి చెడు చేసినవాళ్లం అవుతాం. పుల్లను బయటికి తీసి శుభ్రంగా తుడవాలి. ఇక్కడ నేతపనివాళ్లుగా మనకు వెంటనే అర్థమయ్యే మాట ఒకటుంది: మనం నేసే పాలిస్టర్ ముక్క కంటే నూలు గుడ్డ నయం. పాత లుంగీ ముక్క చాలు. పోగులు ఊడనిది అయితే ఇంకా మంచిది. తుడిచిన పుల్లను మళ్లీ లోపల పెట్టి తీయాలి. ఈసారి మర తిప్పి బిగించాలా, ఊరికే ఆనించాలా అన్నది బండిని బట్టి మారుతుంది. మనవాళ్ల దగ్గరున్న చాలా బండ్లకు ఊరికే ఆనించాలి. బిగిస్తే పుల్ల లోతుగా దిగి, లేని నూనె ఉన్నట్టు చూపిస్తుంది. మీ బండికి ఏది సరి అన్నది కంపెనీ ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. పుల్ల మీద రెండు గీతలు ఉంటాయి. తడి ఆ రెంటి మధ్య ఉండాలి, పైగీతకు దగ్గరగా ఉంటే నిశ్చింత. పుల్లకు బదులు ఇంజన్ పక్కన చిన్న గాజు కిటికీ ఉన్న బండ్లు కూడా వచ్చాయి. వాటికి మూత విప్పే పనే లేదు, బండి నిటారుగా ఉంటే చాలు.

కిందిగీతకు దగ్గరగా ఉంటే పోయాలి. ఒక్కసారి కుమ్మరించకుండా కొంచెం పోసి, ఆగి, చూసి, మళ్లీ పోయాలి. పైగీత దాటకూడదు. ఎక్కువైన నూనెను క్రాంక్ చిలికి నురుగు చేస్తుంది, నురుగును పంపు సరిగా తోడలేదు. మిగిలింది గాలి గొట్టం గుండా ఫిల్టర్‌లోకి పోతుంది, ప్లగ్గు మసిబారుతుంది, సీళ్లు కారతాయి. సాంచా మీద ఎక్కువైన నూనె బట్టను పాడుచేసినట్టే.

ఏ నూనె పోయాలన్న దానికి కూడా ఒక మాట. డబ్బా మీద 10డబ్ల్యూ30, 20డబ్ల్యూ40, 20డబ్ల్యూ50 అని అంకెలుంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి చిక్కదనానికి గుర్తు, రెండోది వేడిలో చిక్కదనానికి గుర్తు. మీ బండి పుస్తకం ఏది చెబితే అదే కొనండి. ఎండలు ఎక్కువ కాబట్టి చిక్కటిది మంచిదని సొంత లెక్కలు వేయకండి. అంకెల పక్కన జాసో ఎంఏ అనో, ఎంఏ2 అనో ఉందా చూడాలి. అది జపాన్ వాహన ప్రమాణాల సంస్థ పెట్టిన గుర్తు. నూనెలోనే మునిగి పనిచేసే క్లచ్‌కు సరిపడే నూనె అని దానికి అర్థం. ఎంబీ అని ఉంటే గేర్లు లేని స్కూటర్లకు. కారు కోసం తెచ్చిన నూనె మిగిలిందని బండిలో పోసినవాళ్లు నాకు తెలుసు. కారు నూనెల్లో జారుడు పెంచే మందులు కలిపినవాటివల్ల క్లచ్ పట్టు తప్పుతుంది. ఇంజన్ అరుస్తుంది కానీ బండి కదలదు. విడిగా డబ్బాలో కొలిచి అమ్మే నూనె ఎంత చవకైనా ముట్టవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

పుల్లకు అంటిన నూనె ఇంకో సంగతి కూడా చెబుతుంది. నల్లబడిందంటే భయపడనక్కరలేదు, మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే. పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే మాత్రం లోపల నీళ్లు చేరాయని అర్థం. సూరత్‌లో ఇది మనకు కొత్త కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లతో తాపీ పొంగి నగరంలో చాలా భాగం మునిగినప్పుడు ఎన్ని బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో మీరూ చూశారు. నీళ్లు తీయగానే ఆత్రంగా కిక్కు కొట్టినవాళ్ల ఇంజన్లు పోయాయి. ముందు ఆయిల్ దించి, ప్లగ్గు విప్పి చూసినవాళ్లవి దక్కాయి. ఇప్పటికీ గట్టి వాన పడితే మీఠీ ఖాడీ వాగు పొంగి మన గల్లీల్లోకి నీళ్లొస్తాయి. ఆ రాత్రి బండి మునిగితే తెల్లారి మొదట చేయాల్సింది స్టార్ట్ చేయడం కాదు, ఆయిల్ చూడడం. ఇంకో గుర్తు: పోయకుండానే మట్టం పెరిగి, వాసన చూస్తే పెట్రోలు వాసన వస్తే కార్బొరేటర్ నుంచి పెట్రోలు ఇంజన్‌లోకి దిగుతోందని అనుమానించాలి. అలాంటి బండిని నడపకుండా మెకానిక్ దగ్గరికి తోసుకుపోవాలి.

డుమస్ ఒడ్డున తడి ఇసుక మీదికి బండి ఎక్కించి ఆడడం పిల్లలకు సరదా. అక్కడ కార్లు కూరుకుపోయిన వార్తలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. ఇంజన్ సంగతి కూడా చెప్పండి వాళ్లకు: ఇసుకలో మొదటి గేరులో ఇంజన్ అరుస్తుంటే, బండి కదలక గాలి తగలకపోతే, నూనె తక్కువున్న ఇంజన్ నిమిషాల్లో కాగిపోతుంది. దారిలో ఎప్పుడైనా ఇంజన్ హఠాత్తుగా బరువెక్కినట్టు అనిపిస్తే, పైనుంచి టకటకమని కొత్త చప్పుడు వస్తే, వెంటనే క్లచ్ పట్టి పక్కకు తీయాలి. క్లచ్ పట్టుకుంటే పట్టేసిన ఇంజన్ నుంచి వెనక చక్రం విడిపోయి తిరుగుతుంది. ఆ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే మా మేనల్లుడు పడి ఉండేవాడు కాదేమో.

వాడిన నూనె గురించి కూడా ఆలోచించండి. మన గల్లీల్లో దాన్ని మోరీలో పోస్తారు. మోరీ ఖాడీలో కలుస్తుంది, ఖాడీ నీళ్లు చివరికి డుమస్ దగ్గరి సముద్రానికే చేరతాయి. ఒడ్డునే ఆయిల్ దించి ఇసుకలో కప్పిపెట్టినవాళ్లను నేను చూశాను. డుమస్ ఇసుక నల్లది, నల్ల నూనె అందులో కనబడదు. కనబడకపోయినా అది అక్కడే ఉంటుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన నూనె అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేరాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీద కూడా పెట్టారు. మన మెకానిక్‌లు డబ్బాల్లో నిలవ చేసి, తీసుకెళ్లేవాళ్లకు అప్పగించేలా సంఘం మాట్లాడగలదు. ఒక్కొక్కరం చెబితే వినరు, మీరు చెబితే వింటారు.

పెద్దలను నేను అడుగుతున్నది డబ్బు ఖర్చయ్యే పని కాదు. మన పిల్లల్లో కొందరు మున్సిపాలిటీ తెలుగు బడుల్లో చదివారు, కొందరు గుజరాతీలో, కొందరు హిందీలో. బండితో వచ్చిన పుస్తకం చాలామంది ఇళ్లలో కవరు కూడా విప్పకుండా బీరువాలో ఉంది. ఆయిల్ చూసే పద్ధతిని తెలుగులో, పెద్ద అక్షరాల్లో, పుల్ల బొమ్మతో ఒక కాగితం మీద రాయించి సంఘ భవనం గోడకు అంటించండి. మార్కండేయ ఊరేగింపు ఏర్పాట్లకు యువకులను పిలిచిన రోజున బండి విషయం తెలిసిన మన మనిషిని ఒకరిని పిలిచి, పది బండ్లు వరసగా నిలబెట్టి, పదిమంది చేత పుల్ల తీయించండి. చెప్పి వదలకండి, వాళ్ల చేత్తోనే చేయించండి. నూనె డబ్బా మన చేతికిచ్చి నేర్పినట్టే. స్కూటర్ల మీద పిల్లలను బడికి దించే ఆడవాళ్లనూ పిలవండి. ఆ స్కూటర్లలోనూ ఆయిల్ ఉంటుంది, దానికీ పుల్ల ఉంటుంది, ఇంట్లో మగవాళ్లు చూస్తారని ఆడవాళ్లు, ఆడవాళ్లే చూసుకుంటారని మగవాళ్లు వదిలేస్తున్నారు.

మా మేనల్లుడు ఇప్పుడు మళ్లీ పనికి పోతున్నాడు. బండి బాగుచేయించుకున్నాడు. పదిహేను రోజులకోసారి ఆదివారం పొద్దున నా ముందే పుల్ల తీసి చూపిస్తున్నాడు. వచ్చే ఆదివారం సాయంత్రం మేమిద్దరం డుమస్‌లో, దరియా గణేశ్ గుడి దగ్గర గట్టి నేల మీద ఉంటాం. మీ పిల్లలను పంపండి, వీలైతే మీరూ రండి. పాత నూలు గుడ్డ ముక్కలు మేం తెస్తాం.

ఇట్లు,
లింబాయత్ నుంచి ఒక సాంచాల కార్మికుడు